ఊరు గీసి అంగడి కట్టారు

అమెరికాలోని మినియాపొలిస్ నగరానికి నైరుతి దిక్కున ఈడినా అనే శివారు పట్టణం ఉంది. అక్కడి సౌత్‌డేల్ సెంటర్ మాల్‌లో పెద్ద దుకాణం గుమ్మం మీద 2001 దాకా ‘డేటన్స్’ అన్న పేరుండేది. ఆ ఏడాది దాన్ని దించి ‘మార్షల్ ఫీల్డ్స్’ అని పెట్టారు. 2006 సెప్టెంబరులో అదీ పోయి ‘మేసీస్’ వచ్చింది. గుమ్మం అదే, గోడలు అవే, పట్టుమని ఆరేళ్లలో మూడు పేర్లు. డేటన్ అన్నది ఆ మాల్‌ను కట్టించిన కుటుంబం ఇంటిపేరు. 2011 నుంచి 2019 దాకా మినెసోటా రాష్ట్రానికి గవర్నరుగా చేసిన మార్క్ డేటన్ ఆ ఇంటి బిడ్డే. అంతటి పేరు కూడా ఆ గోడ మీద అర్ధశతాబ్దం నిండకముందే చెరిగిపోయింది.

సౌత్‌డేల్ మామూలు మాల్ కాదు. 1956 అక్టోబరు 8న తెరుచుకున్న ఈ కట్టడం, దుకాణాలన్నిటినీ ఒకే పైకప్పు కిందకు తెచ్చి, లోపలి చలినీ వేడినీ యంత్రాలతో అదుపులో పెట్టిన తొలి శివారు మాల్. రెండు కొసల్లో రెండు పెద్ద దుకాణాలు, నడుమ చిన్న కొట్ల వరసలు, మధ్యలో పైనుంచి వెలుతురు పడే విశాలమైన ఆవరణ, చుట్టూ కార్లు నిలిపే మైదానం. ఇవాళ కూకట్‌పల్లిలో అయినా, దుబాయిలో అయినా మాల్ అనగానే మన కళ్లకు కట్టే రూపం అక్కడ స్థిరపడిందే. అందుకే దాని డెబ్బై ఏళ్ల చరిత్రను మనం శ్రద్ధగా చదవాలి. మాల్ కట్టడానికి ఎక్కడ భూమి ఇవ్వాలి, ఏ షరతుల మీద ఇవ్వాలి అన్న నిర్ణయాలు ఇప్పుడు మన నగరాల్లో జరుగుతున్నాయి. అమెరికా ఆ నిర్ణయాలను చేసేసి, వాటి ఫలితాన్ని అనుభవిస్తోంది.

సౌత్‌డేల్‌కు రూపం ఇచ్చింది విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు, సోషలిస్టు, రాత్రిళ్లు రాజకీయ హాస్య నాటికలు ఆడిన కళాకారుడు. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాక ప్రాణాలు దక్కించుకుని న్యూయార్క్ చేరారు. చేతిలో వాస్తుశిల్ప పట్టా, జేబులో ఎనిమిది డాలర్లతో దిగారని చెబుతారు. మొదట్లో ఫిఫ్త్ అవెన్యూలో చిన్న చిన్న కొట్ల ముఖద్వారాలను తీర్చిదిద్దారు. దారిన పోయే మనిషిని ఒక్క క్షణం ఆపి లోపలికి రప్పించడం ఎలాగో అక్కడ పట్టుబడింది. కానీ ఆయన మనసులో ఉన్న ఊరు వేరు. వియన్నాలో పెరిగిన మనిషికి ఊరంటే కాలినడకన తిరిగే వీధులు, కాఫీ కొట్లు, నాటకశాలలు, ముక్కూ మొహం తెలియని వాళ్లతోనూ నాలుగు మాటలు కలిపే కూడలి. అమెరికా శివార్లలో ఆయనకు కనిపించింది రోడ్ల వెంట విడివిడిగా నిలిచిన కొట్లు, వాటి ముందు కార్లు, ఎవరింట్లో వాళ్లు. ఆ శివారుకు ఒక నడిబొడ్డు ఇవ్వాలనుకున్నారు.

డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో హడ్సన్ సంస్థ కోసం 1954లో ఆయన నార్త్‌లాండ్ కట్టారు. అది పైకప్పు లేని మాల్. ఆ అనుభవంతో డేటన్ సోదరుల దగ్గరకు వచ్చేసరికి ఆయన చేతిలో మరింత పెద్ద నక్షా ఉంది. మినెసోటాలో హాయిగా బజారుకు వెళ్లగలిగే రోజులు ఏడాదికి 126 మాత్రమేనని లెక్కగట్టి చూపారు. మిగతా రోజుల్లో మంచో, వానో, ఉక్కపోతో. అందుకని అంతటినీ మూసేసి ఏడాది పొడవునా 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలన్నారు. ఇందులో ఖర్చు లెక్క కూడా ఉంది. వాతావరణం లోపలే అదుపులో ఉన్నప్పుడు ప్రతి కొట్టుకూ ఎండావానలకు తట్టుకునే ముందుగోడ అక్కర్లేదు, వేడికీ చల్లదనానికీ అందరికీ కలిపి ఒకే ఏర్పాటు చాలు.

డేటన్లు ఆ చుట్టుపక్కల కొన్న భూమి 460 ఎకరాలకు పైమాటే. అంత భూమి మాల్‌కు అక్కర్లేదు. గ్రూయెన్ నక్షాలో మాల్ మధ్యలో ఉంటుంది. దాని చుట్టూ ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, బడులు, వైద్య కేంద్రం, పార్కు, చెరువు. జనం ఇళ్లలోంచి నడిచి వచ్చి, కొనేది కొని, పని చూసుకుని, కబుర్లు చెప్పుకుని నడిచి వెళ్లే ఊరు. ఆయన గీసింది ఊరు, అందులో అంగడి ఒక భాగం.

రెండు కోట్ల డాలర్లు పెట్టి కట్టింది మాత్రం ఆ ఒక్క భాగాన్నే. 72 దుకాణాలు, 5,200 కార్లకు చోటు. డేటన్స్‌తో పాటు దాని బద్ధశత్రువైన డోనాల్డ్‌సన్స్‌ను కూడా అదే కప్పు కిందకు తేవడం అప్పట్లో పెద్ద సాహసం. వాటితో పాటు వుల్‌వర్త్ చవక సామాన్ల కొట్టు, రెడ్ అవుల్ కిరాణా దుకాణం. మధ్య ఆవరణలో చెట్లు, పక్షులకు పెద్ద పంజరం, హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు చెట్ల శిల్పం. దాన్ని నిత్య వసంత ఉద్యానమని పిలిచారు. తొలిరోజు 75,000 మంది వచ్చారు. బయట మినెసోటా శీతాకాలం ముంచుకొస్తుంటే లోపల కోటు విప్పి చేతిమీద వేసుకుని తిరగడం ఆ జనానికి ఎంతటి అబ్బురమో ఊహించవచ్చు. ఆ అబ్బురాన్ని తక్కువ చేయకూడదు, జనం అక్కడికి ఇష్టపడే వెళ్లారు. అదే ఏడాది చూడవచ్చిన ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు మాత్రం అది ఏమాత్రం నచ్చలేదు. పల్లె వీధికి ఉండే లోపాలన్నీ ఉన్నాయి, దాని సొగసు మాత్రం లేదని విలేకరుల ముందే తేల్చేశారు. ఆయన మాట కటువే గానీ, కట్టని ఊరు లోటు ఆయనకు మొదటి చూపులోనే కనిపించిందనుకుంటాను.

ఊరు ఎందుకు కట్టలేదు? డేటన్లకు మనసు లేక అని సరిపెట్టుకుంటే కథ తేలికవుతుంది. అసలు కారణాలు వాషింగ్టన్‌లో ఉన్నాయి. 1954లో అమెరికా కొత్త ఆదాయపు పన్ను చట్టం తెచ్చింది. అద్దె తెచ్చే కొత్త భవనం విలువ తరుగుదలను అంతకుముందు దాదాపు నలభై ఏళ్ల మీద సమానంగా లెక్కగట్టేవారు. కొత్త చట్టం ఆ తరుగుదలలో ఎక్కువ భాగాన్ని తొలి ఏళ్లలోనే చూపించుకోనిచ్చింది. అంటే, అద్దెలు బాగా వస్తున్నా కాగితం మీద నష్టం కనిపిస్తుంది. ఆ నష్టాన్ని చూపి మిగతా ఆదాయం మీద కూడా పన్ను తగ్గించుకోవచ్చు. తరుగుదల లాభం అయిపోగానే అమ్మేసి ఇంకో కొత్తది మొదలుపెట్టవచ్చు. ఆ వెసులుబాటు కొత్త కట్టడాలకే తప్ప పాత నగరంలోని పాత భవనాలను బాగుచేసుకునే వారికి అందలేదు. ఇక 1956 జూన్‌లో, సౌత్‌డేల్ తెరవడానికి సుమారు మూడు నెలల ముందు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం చేశారు. ఊరి చివర పొలాన్ని నగరానికి దగ్గర చేసింది ప్రభుత్వ సొమ్ముతో వేసిన ఆ రోడ్లే.

ఇలా పన్ను చట్టం త్వరగా కట్టి త్వరగా వదిలించుకోమంది. రోడ్డు మరింత దూరం పొమ్మంది. బడి, పార్కు, చెరువు ఏ పన్ను రాయితీలోనూ లేవు. అద్దె రాని వాటిని కట్టడానికి ఎవరికీ కారణం లేకుండా పోయింది. మాల్ రాకతో చుట్టుపక్కల నేల ధర పెరిగాక, దాన్ని ముక్కలుగా అమ్ముకోవడమే లాభసాటి. కాలక్రమంలో అక్కడికి ఆసుపత్రి వచ్చింది, గ్రంథాలయం వచ్చింది, ఆఫీసులు వచ్చాయి. కానీ ఒక్కొక్కటీ తన పార్కింగ్ మైదానం మధ్య తానుగా, వెడల్పాటి రోడ్లకు అటూ ఇటూ నిలిచాయి. గ్రూయెన్ గీసిన వస్తువులు చాలావరకు వచ్చాయి. వాటి మధ్య నడిచే దారి మాత్రం రాలేదు.

ఆ శివారులోకి ఎవరు రాగలిగారన్నదీ చెప్పుకోవాలి. ఈడినాలోని కంట్రీ క్లబ్ అనే పేటలో 1920ల నాటి ఇంటి దస్తావేజుల్లో, తెల్లజాతి వారికి తప్ప వేరెవరికీ ఇల్లు అమ్మరాదని, అద్దెకివ్వరాదని రాసుకున్నారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. మినెసోటా 1953లో కొత్తగా రాయడాన్నే నిషేధించింది. కానీ అప్పటికే ఆ పేటల జనాభా ఒక రూపానికి వచ్చేసింది. ఆ పైన కారు లేనివాళ్లకు మాల్ దూరం. మాల్ తలుపు అందరికీ తెరిచే ఉంది, ఆ తలుపు దాకా వెళ్లే దారి కొందరికే ఉంది.

మాల్‌లో కొట్లు ఎందుకు మారతాయో అర్థం కావాలంటే దాని అద్దెల లెక్క తెలియాలి. కొసల్లో ఉండే పెద్ద దుకాణాలను యాంకర్లు అంటారు. జనాన్ని రప్పించేది వాటి పేరు, వాటి ప్రకటనలు. కాబట్టి అవి చదరపు అడుగుకు చాలా తక్కువ అద్దె కడతాయి, చాలాచోట్ల తమ భవనాన్ని తామే సొంతం చేసుకుంటాయి. మాల్ యజమానికి అసలు ఆదాయం నడుమ ఉన్న చిన్న కొట్ల నుంచి వస్తుంది. వాటికి అద్దె ఎక్కువ. అమ్మకాలు ఒక హద్దు దాటితే అందులోనూ వాటా ఇవ్వాలి. ఈ యాంకర్ నుంచి ఆ యాంకర్‌కు నడిచే మనిషి దారిలో బూట్ల కొట్టు దగ్గర, ఐస్‌క్రీం దగ్గర ఆగుతాడన్న నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నిలుస్తుంది. చిన్న కొట్లవాళ్లు ఒప్పందంలో ఒక రక్షణ రాయించుకుంటారు. ఫలానా యాంకర్ వెళ్లిపోతే మా అద్దె తగ్గాలి, లేదా మేమూ వెళ్లిపోవచ్చు అని. అందుకే ఒక పెద్ద దుకాణం మూతపడగానే వరసలో పది కొట్ల షట్టర్లు దిగుతాయి. పందిరికి గుంజ తీస్తే తీగంతా ఒక్కసారే ఒరిగినట్టు.

ఆ గుంజల కథే సౌత్‌డేల్ కథ. 1972లో జేసీ పెన్నీ మూడో యాంకర్‌గా వచ్చింది. 1986 చివర్లో డోనాల్డ్‌సన్స్ మాతృసంస్థ అలైడ్ స్టోర్స్‌ను రాబర్ట్ కాంపో అనే కెనడా స్థిరాస్తి వ్యాపారి భారీ అప్పులతో కొన్నారు. అప్పు తీర్చడానికి ముక్కలు అమ్మాల్సి వచ్చింది. 1987లో డోనాల్డ్‌సన్స్ దుకాణాలు షికాగోకు చెందిన కార్సన్ పిరీ స్కాట్ పరమయ్యాయి. 1995లో ఆ సంస్థ మినెసోటా దుకాణాలను డేటన్ హడ్సన్‌కే అమ్మేసింది. అలా ఒకప్పటి ప్రత్యర్థి గూడు డేటన్ల చేతికే వచ్చింది. తర్వాత అక్కడ వాళ్ల చవక బట్టల శాఖ మెర్విన్స్ బోర్డు లేచింది. 2004లో మెర్విన్స్ మినెసోటాను పూర్తిగా వదిలేసింది. ఇవన్నీ జరిగేటప్పుడు ఈడినాలో చొక్కా కొనుక్కునే మనిషి అభిరుచి ఏమంత మారలేదు. మారిందల్లా టొరంటోలో, షికాగోలో, న్యూయార్క్‌లో ఎవరు ఎవరి అప్పుపత్రం కొన్నారన్నదే.

డేటన్ల సొంత కథ ఇంకా చిత్రమైనది. ఈ మాల్ తెరిచిన ఆరేళ్లకు, 1962 మే 1న, వాళ్లే రోజ్‌విల్ అనే మరో శివారులో ఒక చవక ధరల దుకాణం పెట్టారు. దాని పేరు టార్గెట్. అదే ఏడాది ఆర్కాన్సాలో తొలి వాల్‌మార్ట్, మిషిగన్‌లో తొలి కేమార్ట్ వచ్చాయి. ఆ మూడింటికీ మాల్ అక్కర్లేదు. పెద్ద డబ్బా లాంటి భవనం, ముందు పార్కింగ్, అంతే. 1966లో డేటన్లు ఈడినాలోనే బి. డాల్టన్ పేరుతో పుస్తకాల కొట్టు మొదలుపెట్టారు. తమ ఇంటిపేరులో ఒక అక్షరం మార్చి పెట్టిన పేరది. అది దేశమంతటా మాల్స్‌లోకి పాకి, ఊరి పుస్తకాల షాపులను గడ్డు స్థితిలోకి నెట్టింది. 1986లో బార్న్స్ అండ్ నోబుల్‌కు అమ్మేశారు. 2010లో ఆ గొలుసు ముగిసింది.

టార్గెట్ మాత్రం పెరిగి పెరిగి కన్నవారిని మించిపోయింది. 1969లో డెట్రాయిట్ హడ్సన్‌తో కలిసి డేటన్ హడ్సన్ అయిన సంస్థ, 1990లో షికాగోకు గర్వకారణమైన మార్షల్ ఫీల్డ్స్‌ను కొన్నది. 2000లో తన పేరునే టార్గెట్ కార్పొరేషన్‌గా మార్చుకుంది. మరుసటి ఏడాది డేటన్స్, హడ్సన్స్ బోర్డులు దించేసింది. 2004లో ఆ డిపార్ట్‌మెంట్ స్టోర్లన్నిటినీ 324 కోట్ల డాలర్లకు మే సంస్థకు అమ్మేసి చేతులు దులుపుకుంది. ఏడాదిలో ఆ మే సంస్థను మేసీస్ మాతృసంస్థ ఫెడరేటెడ్ కొన్నది. మార్షల్ ఫీల్డ్స్ పేరు మార్చవద్దని షికాగో జనం వీధుల్లోకి వచ్చి నినాదాలిచ్చినా ఆగలేదు. డేటన్ల అసలు దుకాణం మినియాపొలిస్ నడిబొడ్డున నికలెట్ వీధిలో ఉండేది. మేసీస్ దాన్ని 2017లో మూసేసింది. శివారు మాల్ నగరపు దుకాణాన్ని బలహీనపరిచింది. చవక దుకాణం మాల్‌లోని పెద్ద దుకాణాన్ని బలహీనపరిచింది. రెండు దెబ్బలూ ఒకే కుటుంబ సంస్థ చేతుల మీదుగా పడ్డాయి. ఆన్‌లైన్ అమ్మకాలు రావడానికి ఎంతో ముందే ఈ పతనం మొదలైందని గుర్తుంచుకోవాలి. మాల్స్‌ను చంపింది అమెజాన్ అన్నది సగం నిజం కూడా కాదు.

ఇంతా జరిగినా సౌత్‌డేల్ బతికే ఉంది. దాని తోబుట్టువుకు ఆ అదృష్టం లేకపోయింది. డేటన్లు మినియాపొలిస్ చుట్టూ నాలుగు మాల్స్ కట్టించారు: 1956లో సౌత్‌డేల్, 1962లో బ్రూక్‌డేల్, 1969లో రోజ్‌డేల్, 1974లో రిడ్జ్‌డేల్. బ్రూక్‌డేల్ నగరానికి వాయవ్యాన బ్రూక్లిన్ సెంటర్ అనే పట్టణంలో ఉండేది. అక్కడ శ్రామికులు, తర్వాతి కాలంలో నల్లజాతివారు, ఆసియా ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన వారు ఎక్కువగా స్థిరపడ్డారు. మేసీస్ 2009లో అక్కడి నుంచి వెళ్లింది. 2010లో మాల్ మూతపడింది. తర్వాత చాలాభాగం కూలగొట్టి వాల్‌మార్ట్ కట్టారు. నమూనా ఒకటే, కట్టించినవారు ఒకరే, 2008 నాటి ఆర్థిక మాంద్యం కూడా రెంటికీ ఒక్కటే. తేడా చుట్టూ ఉన్న జనం ఆదాయంలో ఉంది. ఎక్కడి దుకాణం మూయాలి, ఎక్కడిది ఉంచాలి అని ఎక్కడో కూర్చుని పట్టిక చూసి నిర్ణయించేవారికి బ్రూక్లిన్ సెంటర్ ఒక గీటు. ఆ ఊరికి అది నడిబొడ్డు. ఇలా ఖాళీ అయిన ఊళ్లకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న అమెరికా చాలాచోట్ల వేసుకోనే లేదు.

మినెసోటా ఒక విషయంలో మాత్రం ముందుచూపు చూపింది, దాన్ని మెచ్చుకోవాలి. 1971లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలోని ఏడు కౌంటీల్లో, వ్యాపార, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాది ఆ ఏడాది తర్వాత ఎంత పెరిగితే అందులో 40 శాతాన్ని ఒక ఉమ్మడి ఖాతాలో వేయాలి. దాన్ని ఆస్తులు తక్కువున్న ఊళ్లకు ఎక్కువగా పంచాలి. ధనిక శివారుకు మాల్ వస్తే ఆ పన్నులో కొంత పేద శివారు బడికీ, వీధిదీపానికీ అందుతుంది. మాల్ కోసం ఊళ్లు ఒకదాని మీద ఒకటి పోటీపడి రాయితీలు గుమ్మరించే పిచ్చికి కొంత అడ్డుకట్ట పడుతుంది. బ్రూక్‌డేల్‌ను అది కాపాడలేకపోయింది. అయినా ఆ ఊరు పూర్తిగా చేతులెత్తేయకుండా నిలబెట్టిన ఆధారాల్లో ఇదొకటి.

గ్రూయెన్ నక్షాలో మరో ముఖ్యమైన అంశం కూడలి. పౌరులు కలిసి మాట్లాడుకునే చోటు. సౌత్‌డేల్ ఆవరణలో కచేరీలు, కళా ప్రదర్శనలు, పిల్లల వేడుకలు జరిగాయి. కానీ కూడలికి ఉండాల్సిన అసలు గుణం, మనకు నచ్చని మాట కూడా అక్కడ చెప్పగలగడం. దాని మీద అమెరికా కోర్టులు ముప్పై ఏళ్లు తర్జనభర్జన పడ్డాయి. మాల్ కూడా ఊరి వీధి లాంటిదేనని, అక్కడ కార్మికులు నిరసన తెలపవచ్చని 1968లో సుప్రీంకోర్టు అన్నది. 1972లో పోర్ట్‌లాండ్‌లోని లాయిడ్ సెంటర్ మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన వారి కేసులో వెనక్కి తగ్గింది. 1976 నాటికి పాత తీర్పును పూర్తిగా పక్కనపెట్టింది. 1980లో కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ రాజ్యాంగాల ప్రకారం కావాలంటే ఆ హక్కు ఇచ్చుకోవచ్చని చెప్పింది. సౌత్‌డేల్‌కు దగ్గర్లోనే, బ్లూమింగ్టన్‌లో 1992లో మాల్ ఆఫ్ అమెరికా వచ్చింది. ప్రభుత్వ సాయంతో, ప్రభుత్వ రోడ్లతో కట్టిన ఆ మాల్‌లో జంతువుల బొచ్చుతో చేసిన దుస్తుల అమ్మకాన్ని నిరసించిన వారి కేసులో, అది ప్రైవేటు స్థలమేనని మినెసోటా సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. అదే మాల్ 1996లో, శుక్ర, శనివారాల సాయంత్రాలు 16 ఏళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా రాకూడదన్న నియమం పెట్టింది. ఊరికి నడిబొడ్డు మాలే అయినప్పుడు, మాల్ యజమాని పెట్టిన నియమం ఊరి నియమం అయిపోతుంది. ఆ యజమానిని ఎవరూ ఎన్నుకోలేదు.

గ్రూయెన్ ఇదంతా చూశారు. 1968లో వియన్నాకు తిరిగి వెళ్లిపోయారు. అక్కడా 1976లో నగరపు దక్షిణపు అంచున షాపింగ్ సిటీ స్యూడ్ అనే పెద్ద మాల్ వచ్చి పాత నగరపు కొట్లకు గండి కొట్టింది. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, తన ఆలోచనను వికృతం చేసి కట్టిన ఈ మాల్స్‌కు తాను తండ్రినని ఒప్పుకోనని, వాటి పోషణ బాధ్యత మోయనని కుండబద్దలు కొట్టారు. రెండేళ్లకు కన్నుమూశారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది గానీ ఈ విషయంలో ఆయనకు పూర్తి మినహాయింపు ఇవ్వలేను. సౌత్‌డేల్ తర్వాత కూడా ఆయన సంస్థ దేశమంతటా మాల్స్ గీస్తూనే ఉంది. ఊరు లేకుండా అంగడిని మాత్రమే కట్టనిచ్చిన నక్షా మీద సంతకం ఆయనదే.

ఇప్పుడు సౌత్‌డేల్‌లో జరుగుతున్నది గమనించదగ్గది. 2007 నుంచి అది సైమన్ అనే స్థిరాస్తి సంస్థ చేతిలో ఉంది. 2010ల్లో పార్కింగ్ మైదానంలో ఒక ముక్క తీసి అపార్ట్‌మెంట్లు కట్టారు, తర్వాత హోటల్ వచ్చింది. 2017లో జేసీ పెన్నీ వెళ్లిపోయిన చోట 2019 చివర్లో లైఫ్ టైమ్ అనే భారీ వ్యాయామశాల, దాంతోపాటు అద్దెకిచ్చే ఆఫీసు గదులు తెరిచారు. అంటే, డెబ్బై ఏళ్ల కిందటి నక్షాలో ఉన్న ఇల్లు, పని, ఆరోగ్యం ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. గ్రూయెన్ చివరికి గెలిచారని కొందరు వాస్తుశిల్పులు సంబరపడుతున్నారు. నాకు అంత సంబరం లేదు. వచ్చినవన్నీ అద్దె కట్టగలిగినవే, చందా కట్టగలిగినవారికే. బడి రాలేదు, చెరువు రాలేదు, ఎవరి అనుమతీ లేకుండా కూర్చోగల కూడలి రాలేదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే మన పెద్దవాళ్లకు ఈ మాల్స్‌తో ఒక ప్రత్యేక బంధం ఉంది. మంచు కురిసే నెలల్లో ఉదయం పూట, కొట్లు తెరవకముందే మాల్ నడవాల్లో చుట్లు కొట్టే వృద్ధులతో వాళ్లూ కలుస్తారు. కాలు జారని నేల, వెచ్చటి గాలి, కూర్చోను బల్ల, దగ్గర్లో మరుగుదొడ్డి. ఏమీ కొనకుండా గంటసేపు మనుషుల మధ్య ఉండగలగడం. అమెరికా వ్యాధి నివారణ కేంద్రం 2015లో ఈ మాల్ నడక మీద ఒక మార్గదర్శినే వేసింది. మాల్‌లో మనుషులకు నిజంగా అవసరమైనది ఏమిటో ఆ పెద్దల కాళ్లు చెబుతాయి. దానికి అద్దె పట్టికలో చోటు లేదు.

మన దగ్గర పేర్లు మారే వేగం అమెరికా కన్నా ఎక్కువ. కూకట్‌పల్లిలో 2014లో ఫోరమ్ సుజనాగా తెరిచిన మాల్ ఇప్పుడు నెక్సస్. మంజీరా మాల్ 2023లో లులు అయింది. 2022లో ఫ్యూచర్ గ్రూపు అద్దెలు కట్టలేక కూలినప్పుడు, 2001 నుంచి మనకు అలవాటైన బిగ్ బజార్ బోర్డులు దిగి, చాలాచోట్ల స్మార్ట్ బజార్‌గా లేచాయి. మన మాల్స్‌కు ఒక బలం ఉంది. అవి జనం మధ్యలో, బస్సూ మెట్రో అందే చోట ఉన్నాయి. పైగా జనాన్ని రప్పించే పని మన దగ్గర ఎక్కువగా మల్టీప్లెక్స్ చేస్తుంది. తెలుగువాడు సినిమా చూడడం మానేంతవరకు ఆ తెర ముందు కుర్చీలు నిండుతాయి. కానీ ఈ బలాలు మాల్ ఇచ్చినవి కావు, నగరం ఇచ్చినవి. మెట్రో వేసింది, రోడ్డు వెడల్పు చేసింది, చుట్టూ జనాన్ని నిలిపింది నగరమే. దానికి బదులుగా నగరం ఏదైనా అడిగే హక్కు ఉందా? ఉందని తెలంగాణ ప్రభుత్వం 2018లో ఒకసారి చూపించింది. మాల్స్‌లో తొలి అరగంట పార్కింగ్‌కు డబ్బు తీసుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. చిన్న విషయమే, కానీ ప్రైవేటు గేటు మీద ప్రజల షరతు పెట్టవచ్చన్న సూత్రం అందులో ఉంది.

ఆ సూత్రం విశాఖలో ఇంకా గట్టిగా నిలబడాలి. బీచ్ రోడ్డులో హార్బర్ పార్కు దగ్గరి ప్రభుత్వ భూమిని మాల్ కోసం లులు సంస్థకు ఇవ్వడం, 2019లో రద్దు చేయడం, 2025లో కొత్త ప్రభుత్వం మళ్లీ దీర్ఘకాలిక లీజుకు కేటాయించడం మనం చూశాం. ఇవ్వాలా వద్దా అన్న వాదన పార్టీల మధ్య హోరుగా సాగింది. ఏ షరతుల మీద అన్నది మాత్రం దాదాపు ఎవరూ మాట్లాడలేదు. సౌత్‌డేల్ తెరిచిన నాడు ఉన్న డేటన్స్, డోనాల్డ్‌సన్స్, వుల్‌వర్త్, రెడ్ అవుల్ నాలుగూ ఇవాళ ఆ గోడల మధ్య లేవు. నేల మాత్రం అక్కడే ఉంది. లీజు కాలం పొడవునా ఒక కంపెనీ ఆసక్తి అలాగే ఉంటుందని నమ్మి భూమి ఇవ్వడం తెలిసి తెలిసి చేసే పొరపాటు. కాబట్టి షరతులు బోర్డు మీది పేరుకు గాక భూమికే కట్టుబడి ఉండాలి. చేతులు మారినా అవి మారకూడదు. సముద్రం వైపు ఏ గేటూ లేని నడకదారి, బస్సు ఆగే చోటు తలుపు దగ్గరే, నేల అంతస్తులో నగరపాలక సంస్థ నడిపే పఠనశాల, సభలకూ ధర్నాలకూ పోలీసు అనుమతి తప్ప యజమాని అనుమతి అక్కర్లేని ఆరుబయలు, ప్రధాన దుకాణం ఏడాదికి మించి ఖాళీగా ఉంటే ఆ భాగాన్ని ప్రజావసరాలకు వాడుకునే హక్కు. ఇవి లీజు పత్రంలోనే రాయించుకోవాలి. సంతకాలు అయిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఈడినాలో అడగాల్సిన సమయం 1952లో, డేటన్లు పథకం ప్రకటించిన రోజున ఉండేది. మనకు ఇంకా ఉంది.